మార్లవాయి బడి: హైమన్‌డార్ఫు పండితుని చరిత్రము

మన సంఘమువారు ఏటేట ప్రకటించు మహాసభా సంచికలో మన కులమున జన్మించి పేరుప్రతిష్ఠలు గాంచిన పెద్దల చరిత్రములు వ్రాయుట వాడుక. ఈ యేడు సంపాదకులు మమ్ము వ్యాసము కోరినపుడు మేమును అట్టి యొక పెద్దను గూర్చియే వ్రాయదలచితిమి. కాని ఇటీవల మన పిల్లలలో పలువురు ఉపాధ్యాయ నియామకములలో నెగ్గి కరీంనగరము, జగిత్యాల, ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతముల పాఠశాలలలో చేరిరి. వారిలో కొందఱు మా యింటికి వచ్చి, తరగతిలో నలుబదిమంది యుండగా పదుగురికే పాఠ మెక్కుచున్నదనియు, తక్కినవారి నేమి చేయవలయుననియు మమ్మడిగిరి. ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగా బ్రతికియు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి మాకు జ్ఞప్తికి వచ్చినవాడు మన కులమువాడు గాడు, మన దేశమువాడును గాడు, వృత్తిచే బడిపంతులును గాడు. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు. కులసంచికలో పరదేశీయుని చరిత్రమేల యని సంపాదకులు కొంత సందేహించిరి. చదివిన పిమ్మట నిర్ణయింపుడని మేము వేడితిమి.

హైమన్‌డార్ఫు 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయముననే మానవశాస్త్రము నభ్యసించి 1931లో డాక్టరు పట్టమును బడసెను. పిమ్మట లండను నగరమున కేగి మలినోవ్‌స్కీ అను ఆచార్యుని గోష్ఠిలో కొంతకాలము కూర్చుండెను. ఒక జాతిని గూర్చి యెఱుగగోరువాడు దూరమున గూర్చుండి పుటలు త్రిప్పుట చాలదనియు, ఆ జాతివారి నడుమ గుడిసె వేసికొని వారి భాషయే మాటలాడవలయుననియు ఆ గోష్ఠివారి మతము. ఆ మతమును నమ్మి ఈయన 1936లో నాగా కొండలకు వచ్చి, కోన్యాకు నాగాల నడుమ ఏడాదికి పైగా నివసించెను. 1938లో బెట్టీ బార్నార్డో అను నామెను పరిణయమాడెను. ఈమె పేరును వ్రాయువారు తఱచు ఒక్క పంక్తితో దాటవేయుదురు. అడవులలో ఆయన గడపిన యేండ్లలో నామెయు వెంట నుండినది. చలిజ్వరము, వానకాలము, తెగిన బండిదారులు ఇద్దఱికిని సమానములే.

1939లో దంపతులు మరల మన దేశమునకు వచ్చిరి. అంతలో ఐరోపాలో మహాయుద్ధము చెలరేగెను. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందున ఈయన చేతనున్నది జర్మను ప్రయాణపత్రము. కావున ఆంగ్లేయుల దృష్టిలో ఈయన శత్రుదేశీయుడు. మఱియొకడైనచో యుద్ధకాలమంతయు చెఱసాలలో గడచియుండెడిది. ఈయన నెఱిగిన అధికారుల సౌహార్దమువలన నైజాము రాజ్యపు టెల్లలలో నుండుటకును, అచటి అడవిజాతులను గూర్చి పరిశోధన సాగించుటకును అనుమతి లభించెను. ఆ విధముగా యుద్ధము ఆయనను మన తెలంగాణపు టడవులలోనికి నెట్టినది. మొదట నల్లమలలోని చెంచుల నడుమను, పిదప గోదావరి యొడ్డున కొండరెడ్ల నడుమను నుండి, 1940ల నడుమనాటికే రెండు జాతులను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. ఆదిలాబాదునకును వచ్చెను.

ఆ రోజులలో ఆదిలాబాదు గోండుల దుస్థితి చెప్పనలవి గానిది. ఒకప్పుడు చాందా కోటనేలిన జాతి యది. అడవులను ప్రభుత్వము హద్దులు గీసి మూసివేసినది. మైదానమునుండి వచ్చినవారు పట్టాలు వ్రాయించుకొని, తరతరములుగా దున్నుచుండిన భూముల నాక్రమించిరి. 1940లో జోడెన్‌ఘాటు కొండలలో కొమరం భీము తిరుగుబాటు చేసి, ప్రభుత్వపు తుపాకులకు నేలగూలెను. ఆ నెత్తురు చల్లారకముందే, తిరుగుబాటునకు హేతువేమో తెలిసికొనవలయునని తోచిన ప్రభుత్వము హైమన్‌డార్ఫును గోండుల నడుమకు పంపినది. తన జనులను కాల్చి పిదప వారి కష్టము విచారించిన ప్రభుత్వమునకు ఈయన కొలువు చేసెనని నిందించువారు కలరు. ఆ నింద పూర్తిగా త్రోసివేయదగినది కాదు. ఐనను ఆ కొలువు నుపయోగించి ఆయన చేసిన పనిని గూడ తూచి చూడవలయును.

ఉట్నూరు కొండలలో మార్లవాయి అను చిన్న గోండుగూడెమున ఆయన గుడిసె వేసికొనెను. అది నేడు కొమరం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములో నున్నది. ఆ యూరి పటేలు లచ్చుపటేలు ఆయనకు మిత్రుడయ్యెను. హైమన్‌డార్ఫు గోండి భాష నేర్చెను. ప్రధానులు కిక్రి వాయించుచు గానము చేయు పురాణములను రాత్రులు కూర్చుండి వ్రాసికొనెను. దండారి యాటలను, గుస్సాడీ వేషములను, పెర్సాపేను కొలువులను చూచెను. పరిశోధకునిగా ఆయన వచ్చిన పని అంతటితో ముగియవలసినది. కాని ఆ గూడెములలో ఆయన కనులబడిన దేమనగా, గోండు తన భూమిని గోల్పోవుచున్నది బలహీనతచే గాక అక్షరము లేమిచే. వడ్డీవ్యాపారి చేతి చీటిలో నేమున్నదో వానికి దెలియదు. పట్వారి వ్రాసిన లెక్కలో తన పేరున్నదో లేదో తెలియదు. వేలిముద్ర వేయుమన్న చోట వేయును. ఆ మీదట ఏరుపొద్దున నాగలి కట్టబోగా పొలము మఱియొకరిదై యుండును.

బడులు లేవా యన్నచో, అక్కడక్కడ కలవు. కాని అందు చెప్పు భాష పిల్లవానికి రాదు, పిల్లవాని భాష పంతులుకు రాదు. ఇద్దఱును ఒకరి నొకరు చూచుచు కూర్చుండుటయే చదువు. ఇట్టి బడినుండి వచ్చిన పిల్లవానిని మందబుద్ధి యనుట ఎంత సులభమో!

ఈ చిక్కు విప్పుటకు 1943లో మార్లవాయిలో ఆయన సలహాపై ఒక శిక్షణకేంద్రము వెలసినది. బయటినుండి పంతుళ్లను దెచ్చి గోండుపిల్లలకు చదువు చెప్పించుట గాక, గోండులనే పంతుళ్లను జేయుట ఆ కేంద్రపు టుద్దేశ్యము. చదివిన గోండులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. కొద్దిపాటి మరాఠీ యక్షరములు వచ్చినవారిని, ఏమియు రానివారిని, మీసములు వచ్చిన యువకులను దెచ్చి వారికే మొదట అక్షరాభ్యాసము చేయవలసి వచ్చెను. పాఠ్యపుస్తకములు లేవు, కావున గోండి భాషలోనే వాచకములు కూర్పబడెను. మాతృభాషలో చదువు కుదిరిన పిమ్మటనే పరభాష యనునది ఆ పథకమునకు మూలము. ఆ కాలమున రెవిన్యూ శాఖను చూచుచుండిన గ్రిగ్‌సన్ అను అధికారి, బస్తరు గోండులను గూర్చి స్వయముగా గ్రంథము వ్రాసినవాడగుటచే, దీనికి తోడ్పడెను. తరువాతి కాలమున ఆ జిల్లాలో పనిచేసిన సేతుమాధవరావు పగడీ గోండి నేర్చి ఆ భాషకు వ్యాకరణమే వ్రాసెను. అధికారి యొకడు తన క్రింది జనుల భాషకు వ్యాకరణము వ్రాయుట మేము మఱియెచ్చటను తఱచుగా వినలేదు.

వాచకములు దేవనాగరిలో నచ్చయ్యెను. తెలుగుసీమలోని పిల్లలకు దేవనాగరి యేల యని మేమును మొదట నొచ్చుకొంటిమి. ఏలయన గోండి తెలుగునకు తోబుట్టువు. కన్నును కన్ అందురు, రెండును రండ్ అందురు, మూడు ముండ్, నాలుగు నాలుంగ్, నీరు ఏర్. మన యేఱు వారికి నీరు. సంస్కృతము చదివి తెలుగు బోధించిన మేము ఈ మాటలను ముప్పదియేండ్లు వచ్చువఱకు ఎఱుగము. వినినను అవి అడవి కూతలని తలచియుందుము. ఇక లిపి విషయమన్ననో, ఆ ప్రాంతపు గోండులు సంతలలో మరాఠీ నెఱిగియుండిరి. వచ్చిన ఆ కొద్ది యక్షరములును మరాఠీవే. ఉన్నదానిమీద కట్టవలయు గాని, గురువునకు ప్రియమైనదానిమీద గాదు గదా. ఆ తీర్పు ఆనాటికి సమంజసమేయని ఇప్పుడు మాకు తోచుచున్నది.

ఇచట కొంచెము మా సొంతగోడు చెప్పవలసియున్నది. మేము పంతులుగా చేరిన తొలి యేండ్లలో ఉట్నూరు ప్రాంతమున ఒక బడిలో తెలుగు చెప్పుచుంటిమి. మూడవ తరగతిలో ప్రధానుల పిల్లవాడొకడు ఉండెను. ఎన్నిమార్లడిగినను నోరు మెదపడు. పలకమీద వ్రాసినది చూచి వ్రాయును. చదువుమన్నచో నేల చూచును. మేము వానిని మూగి యని పిలిచితిమి. తక్కిన పిల్లలును అట్లే పిలువసాగిరి. ఆ సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. రిజిష్టరులో పేరు కొట్టివేసి మేము సుఖముగా నుంటిమి.

మాకు సుఖమిచ్చినది భవభూతి. ఉత్తరరామచరితము రెండవ యంకమున ఒక భావము కలదు. గురువు తెలివిగలవానికిని మందునికిని విద్యను సమానముగనే యిచ్చుననియు, శుభ్రమైన మణి ప్రతిబింబమును గ్రహించును గాని మట్టిముద్ద గ్రహింపదనియు దాని తాత్పర్యము. మాకు చదువు చెప్పిన గురువులు దానిని తఱచు స్మరించెడివారు, మేమును స్మరించుచుంటిమి. ఏ పిల్లవాడు తప్పినను, మేము వెలుగునిచ్చితిమి, వాడు మట్టిముద్ద, మేమేమి చేయుదుము అనుకొని నిద్రించుచుంటిమి.

మూడు నాలుగేండ్లు గడచినవి. పుష్యమాసపు టమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతరకు పోయియుంటిమి. రాత్రి మంటలచుట్టు జనులు కూర్చుండియుండగా ఒక ప్రధాను కిక్రి వాయించుచు కథ నెత్తుకొనెను. ఆయన ప్రక్కన వంతపాడుచున్న కుఱ్ఱవాడు వాడే, మా మూగి. తండ్రి ఒక చరణ మనిన వీడు దాని నందుకొనును, తండ్రి తడబడిన తావున వీడు మాట నందించును. ఎన్ని గడియలు గడచినవో మాకు దెలియదు. వాని తొట్రుపాటు మే మొక్కటియు వినలేదు. దేవతల పేర్లు, వంశముల వరుసలు, నాలుగుదేవుళ్లవారు, ఐదుదేవుళ్లవారు, ఆఱుదేవుళ్లవారు, ఏడుదేవుళ్లవారు అను గోత్రభేదములు, అన్నియు వానికి కంఠస్థము. అమరకోశము మొదటి కాండ నేర్చుటకు మాకు రెండేండ్లు పట్టినది. వాడు మమ్ము చూచెను. గుర్తించెనో లేదో చెప్పలేము. మేము పలుకరింపలేదు. సిగ్గు పలుకరింపనీయలేదు.

మఱునాడు ఆ జాతరలోనే, యౌవనమున మార్లవాయిలో శిక్షణ పొంది పలు గూడెములలో పంతులుగా నుండి విశ్రాంతి గైకొనిన ఒక గోండువృద్ధునితో పరిచయ మయ్యెను. హైమన్‌డార్ఫు పేరు మే మాయన నోటనే తొలుత వింటిమి. తానక్షరములు నేర్చుసరికి పెండ్లియై బిడ్డ పుట్టియుండెనని ఆయన నవ్వుచు చెప్పెను. అఆలు దిద్దుటలో తనకు ఏ యక్షరమువద్ద చేయి వణకినదో, ఏ రెండక్షరములు ఒక్కతీరుగ కనబడి కలత పెట్టినవో ఆయనకు నలుబదియేండ్ల తరువాతను జ్ఞాపకమే. కావుననే తన బడిలో పిల్లవాడు తడబడినపుడు, ఎచ్చట తడబడెనో అడుగకయే తెలియుచుండెనట. మాకన్ననో అక్షరము లెప్పుడు వచ్చినవో జ్ఞాపకము లేదు. మార్లవాయి మర్మము ఇందే యున్నదని మాకు తోచినది. నిన్న నేర్చినవాడు నేడు నేర్పెను. దారిలోని రాయి యెక్కడనున్నదో వానికి తెలియును.

ఇంటికి వచ్చి భవభూతిని మరల విప్పితిమి. ఇన్నేండ్లు మేము గమనింపని దొకటి కలదు. ఆ మాట చెప్పునది గురువు గాదు. ఆత్రేయి యను శిష్యురాలు. వాల్మీకి యాశ్రమమున కుశలవులతో సమముగా పాఠము సాగింపలేక, చదువుకొఱకు దండకారణ్యమునకు, అగస్త్యాదుల సన్నిధికి నడచిపోవుచున్న యామె నోట కవి ఆ మాట పెట్టెను. అనగా తరగతిలో వెనుకబడినవారు తమను గూర్చి తాము చెప్పుకొనిన మాట అది! మేము దానిని గురువుల సమర్థనగా వాడుకొంటిమి. పైగా ఆమె మట్టిముద్దయై యింట కూర్చుండలేదు. తనకు తగిన గురువును వెదకుచు అడవిదారి పట్టినది. ఆ దండకారణ్యపు టంచులే మన యాదిలాబాదు కొండలని పెద్దలందురు. అచటికి చదువునకై వచ్చిన యామె మాటను పట్టుకొని, అచటి పిల్లవానినే మేము బడినుండి వెడలగొట్టితిమి.

మరల చరిత్రమునకు వత్తము. 1945లో హైమన్‌డార్ఫు నైజాము ప్రభుత్వమునకు గిరిజనవ్యవహారములలో సలహాదారు డయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను నుండెను. గోండులను గూర్చిన ఆయన గ్రంథము 1948లో వెలువడెను. ఆయన ప్రయత్నము చదువుతో నిలువలేదు. భూమి లేని చదువు నిలువదని యెఱిగి, గిరిజనులకు పట్టా లిప్పించు పనిలోను పాల్గొనెను. 1940ల చివరకు ఆదిలాబాదు జిల్లాలో లక్ష యెకరములకు మించిన భూమి గిరిజనుల పేర నమోదయ్యెను. కేస్లాపూరు జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల మొఱ లాలకించు దర్బారు ఆ కాలమున ఆయన ప్రోద్బలముననే మొదలైనది, నేటికిని సాగుచున్నది. మార్లవాయి కేంద్రమునుండి పంతుళ్లే గాక పట్వారీలును, చిన్నయుద్యోగులును వచ్చిరి. గూడెమున నొక్కడు చీటి చదువగలవాడున్నచో వడ్డీవ్యాపారి చేయి కొంత వెనుకకు తగ్గును. ఆ పంతులు పగలు పిల్లలకు అక్షరములు చెప్పి, సాయంకాలము ఊరివారి రసీదులు చదివి పెట్టుచుండెను.

ఈ యంశమును మన నూతనోపాధ్యాయులు కొంచెము నిలిచి చూడవలయునని మా కోరిక. పిల్లవానికి చదువెందులకో వాని యింటివారికి కనబడినపుడు వాడు బడికి వచ్చుటలో తేడా యుండును. మన కరీంనగరపు పక్షమున గోండి సమస్య లేదు గదా యనువారుందురు. కాని భాష యొక్కటియే అడ్డుగోడ గాదు. సిరిసిల్లలో మేము పనిచేసిన రోజులలో ఒక పిల్లవాడు మొదటి పీరియడులోనే కునుకుచుండెను. సోమరియని రెండు దినములు నిలువబెట్టితిమి. వాని యిల్లు మరమగ్గముల సందులో నున్నదని, రాత్రి పాళీ నడిచినంతసేపు ఆ గోడలు నిదురింపనీయవని పిదప తెలిసినది. వానికి మధ్యాహ్నమునందు పాఠము చెప్పిన నెక్కుచుండెను, ఉదయమున ఎక్కదు. అంతియే రహస్యము.

జగిత్యాల ప్రాంతమున ఇంకొక బాలిక. ఎక్కములు రావు. ఏడవ యెక్కమువద్ద నిత్యము ఏడ్చును. ఒకనాడు వారి యింటికి పోగా, తల్లి చుట్టిన బీడీలను ఇరువదియైదు చొప్పున కట్టలు కట్టుచు, ఇన్ని కట్టలకు ఇన్ని బీడీలని, వేయికి నలుబది కట్టలని, మాటలాడుచునే లెక్క యొప్పజెప్పుచున్నది. ఇరువదియైదవ యెక్కము వచ్చిన పిల్లకు ఏడవది రాకపోవుటేమి? ఆ పిల్లకు లెక్క వ్రేళ్లలో నున్నది. మేము దానిని నోట వెదకుచుంటిమి. మఱునాటినుండి చింతగింజలతో కట్టలు కట్టించి ఏడవ యెక్కమును నేర్పితిమి. ఇది మేము కనిపెట్టిన విద్య గాదు. కథల దారిని రాజకుమారులకు నీతి చెప్పిన విష్ణుశర్మ ఎఱిగిన విద్యయే. వారికి శాస్త్రము ఎక్కలేదు, కథ యెక్కినది.

వెనుక బల్లపై గూర్చుండి ఏమడిగినను బదులీయని పిల్లలలో చెవి సరిగా వినబడనివారు, నల్లబల్లపై వ్రాత కనబడనివారు మేము తలచినదానికంటె ఎక్కువమంది యుండిరి. వారిని ముందు కూర్చుండబెట్టుటకు ఏ ప్రభుత్వోత్తరువును అక్కఱలేదు. ఇక తెలివిగలవాని మాట. వానిని పట్టించుకొనకున్నను వాడే నేర్చుకొనునని విడుచుట తప్పు. వానిని చిన్నపంతులును జేసి తక్కినవారిమీద పెత్తన మిచ్చుట ఇంకొక తప్పు. ఈ రెండును మేము చేసితిమి. నిన్నటి దాక తానును తడబడినవానిచేత చెప్పించుట మేలు. మార్లవాయివారు చేసిన దదియే.

హైమన్‌డార్ఫు పనిలో లోపము లేకపోలేదు. పథకమంతయు ఒక మనుష్యుని ఉత్సాహముపైనను, ఆయన మాట వినిన కొద్దిమంది యధికారులపైనను నిలిచియుండెను. 1948లో నైజాము రాజ్యము భారతదేశమున విలీన మయ్యెను. ఆయన లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్యవిద్యాశాలకు వెడలిపోయెను; అచట ఆచార్యుడై 1976 వఱకు నుండెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట బడులలో తెలుగే బోధనాభాష యయ్యెను. గోండి వాచకములు మూలబడెను. మాతృభాషపై మమకారముతో రాష్ట్రము తెచ్చుకొనిన మనమే మఱియొకరి మాతృభాష వాచకములను మూల పడవేసితిమి. 1970ల చివర ఆయన మరల ఆదిలాబాదునకు వచ్చి, తాను తిరిగిన గూడెములను తిరిగి చూచెను. పట్టాలు వచ్చిన భూములలో మరల పరుల నాగళ్లు తిరుగుచుండెను. ఆ దుఃఖమును 1982లో ప్రకటించిన గ్రంథమున దాచక వ్రాసెను.

తరువాతి కథను సంక్షేపముగ చెప్పుదుము. 2000ల తొలియేండ్లలో అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గోండి, కొలామి, కోయ మొదలగు ఎనిమిది గిరిజనుల భాషలలో ప్రాథమిక వాచకములు తెలుగులిపిలో వెలయించెను. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండులకే సొంతమైన లిపిలో వ్రాతప్రతులు బయటపడెను. 2018లో ఆ లిపికి కంప్యూటరులలో వాడదగిన యూనికోడు స్థానమును లభించెను. దేవనాగరియా తెలుగా యని మేము వాదులాడుచుండగా, వారి లిపి వారి యింటి అటుకపై నుండెను!

బెట్టీ 1987 జనవరి 11వ తేదీన హైదరాబాదులో కన్నుమూసెను. ఆమెను మార్లవాయిలోనే ఖననము చేసిరి. హైమన్‌డార్ఫు 1995లో లండనులో మరణించెను. ఆయన అస్థికలను 2012లో తెచ్చి భార్య సమాధి చెంతనే యుంచిరి. ప్రతియేట జనవరి 11న ఆ చుట్టుపట్ల గూడెములవారు అచట గుమిగూడి ఆ దంపతులను స్మరింతురు. ప్రభువుల సమాధులు మన దేశమున చాల కలవు. ఏ యధికారమును చేతలేని కాలమున గూడ జనులు తమంతట తామే వచ్చి దీపము పెట్టు సమాధులు కొన్నియే.

గడచిన శీతకాలమున మేము మార్లవాయికి పోయితిమి. కొత్తగా ఉద్యోగము వచ్చిన మా తమ్ముని కూతురు వెంట వచ్చినది. ఆమెకు ఆ కొండలలోనే ఒక గూడెపు బడి యిచ్చిరి. పెదనాయనా, నా తరగతిలో ఒక పిల్ల నెలదినములైనను మాటలాడలేదని దారిపొడుగునను దిగులు చెప్పుకొనినది. మేము మా మూగి కథ చెప్పలేదు. ఆ కథ ఇచటనే మొదటిమాఱు వ్రాయుచున్నాము. సమాధులను చూచి వెలుపలికి రాగా చేతిపంపుకడ ఒక చిన్నది బిందె నింపుచుండెను. మా పిల్ల ఆమె చెంత మోకాళ్లపై గూర్చుండి, నీటిని చూపి, ఇదేమని సైగతో అడిగినది. చిన్నది నవ్వి చెప్పినది. మా పిల్ల సరిగా పలుకలేకపోయినది. చిన్నది తల యడ్డముగా త్రిప్పి మరల చెప్పినది. మూడవమాఱు సరిపోయినది కాబోలు, చిన్నది బిందె నెత్తికెత్తుకొని వెడలిపోయినది. మా పిల్ల సంచిలోనుండి పుస్తకము తీసి, మొదటి పుటపై ఏర్ అని వ్రాసికొనినది.